రెండు వందల గంటల వెలుతురు

మా కారు దీపాల వెలుతురు చాలటం లేదని మొదట పట్టుకున్నది నేను కాదు, మా ఆవిడ. ఆవిడకు కారు నడపటం రాదు. అయినా పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా కళ్ళతో నడుపుతూనే ఉంటుంది. "ఏమండీ, అదుగో సైకిలు!" అని ఆవిడ అన్న తర్వాత గాని నాకు సైకిలు కనపడటం లేదంటే లోపం దీపాలదైనా కావాలి, నా కళ్ళదైనా కావాలి. పదకొండేళ్ళ కారు, అరవైమూడేళ్ళ కళ్ళు. ఎవరి పక్షాన తీర్పు చెప్పను?

చెప్పక తప్పని పరిస్థితి మాది. మా అమ్మ తెనాలికి దిగువన, రేపల్లె వైపు, కాలవ ఒడ్డున ఉన్న పల్లెలో ఉంటుంది. ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ ఇల్లు వదిలి రానంటుంది. ప్రతి శనివారం సాయంత్రం వెళ్ళి, ఆవిడతో కూర్చుని నాలుగు మాటలూ రెండు ముద్దలూ అయ్యాక రాత్రికి తెనాలి తిరిగి వస్తాం. ఆ పూట అక్కడే పడుకోవచ్చు గదా అని అడిగేవాళ్ళున్నారు. మనవరాలు మా దగ్గరే చదువుకుంటోంది. ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా దానికి పరీక్షల క్లాసు. ఇక ఆ దారి సంగతి. ఒక పక్క కాలవ, ఒక పక్క పొలం. ఊరు వస్తే వీధి దీపం, ఊరు దాటితే చీకటి. కోతల రోజుల్లో వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్ళు, నల్లదుప్పటి ముసుగేసుకుని తన పాటికి తాను నడిచిపోయే మనిషి. ఆ మనిషి నాకు ఎంత దూరంలో కనపడతాడన్నదే అసలు ప్రశ్న.

కళ్ళ డాక్టరుగారిని ముందు అడిగాను. శుక్లం మొదలైంది గాని ఇప్పుడే ఆపరేషన్ తొందర లేదన్నారు. ఆయన చెప్పిన ఇంకో సంగతి నన్ను కొంచెం కుంగదీసింది. అరవయ్యేళ్ళ వాడి కంటి లోపలి తెరకు చేరే వెలుతురు ఇరవయ్యేళ్ళ వాడికి చేరేదాంట్లో దాదాపు మూడోవంతేనట. పైగా ఎదటి బండి దీపం కొట్టిన తర్వాత తేరుకోవటానికి మాబోటి వాళ్ళకు ఎక్కువసేపు పడుతుందట. "అయితే రాత్రిళ్ళు కారు తీయటం మానెయ్యండి" అంది మా ఆవిడ, బయటికి వస్తూనే. అమ్మ దగ్గరకు వెళ్ళటం మానుకోవడమా? ముందు దీపాల సంగతి చూద్దాం అన్నాను.

బల్బులు కొనటం అంటే రూపాయలిచ్చి పుచ్చుకోవడమే అనుకునేవాళ్ళు ఒక్కసారి మోటారు సామాన్ల కొట్టుకు వెళ్ళి చూడాలి. కొట్టతను నా ముందు నాలుగు రకాల పెట్టెలు పరిచాడు. మామూలువి ఒకటి, ఎక్కువకాలం మన్నేవి ఒకటి, "నూటముప్ఫై శాతం ఎక్కువ వెలుతురు" అని రాసి ఉన్నవి ఒకటి, నీలం గాజువి ఒకటి. "ఇది వెయ్యండి మాస్టారూ, పగలే!" అని నీలంది చేతికిచ్చాడు. దాని వెలుతురు తెల్లగా కనపడే మాట నిజమే. కాని ఆ నీలం పూత పసుపూ ఎరుపూ కలిసిన వెలుతురును కొంత మింగేస్తుంది. రంగు మారి, వెలుగు తగ్గుతుంది. చూడటానికి బాగుంటుంది, చూపించటానికి కాదు. అది తిరిగి ఇచ్చేశాను.

మా కారుకు పట్టేది ఎచ్-4 అనే బల్బు. 1971లో వచ్చింది. ఒకే గాజులో రెండు తీగలుంటాయి. దూరం చూపేదానికి 60 వాట్లు, దించి వేసుకునేదానికి 55. తీగ టంగ్‌స్టన్‌ది. అది తెల్లగా కాలుతున్నంతసేపూ లోహం కొద్దికొద్దిగా ఆవిరై పోతూంటుంది. వెనకటి బల్బుల్లో ఆ ఆవిరి గాజుకు పట్టి మసిబారేది. 1959లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వాళ్ళు లోపల కాసింత అయోడిన్ ఉంచితే ఆ ఆవిరిని పట్టుకుని మళ్ళీ తీగ దగ్గరకే చేరుస్తుందని చూపించి పేటెంటు పుచ్చుకున్నారు. అదే హాలోజెన్ దీపం. 1962 నాటికి ఐరోపా కార్లకు ఎక్కింది. ఇంత యుక్తీ చేసినా తీగకు చావు తప్పదు. గోడకు రాలిన సున్నం తీసి మళ్ళీ గోడకే పూసినట్లు. రాలిన చోటే పడుతుందన్న పూచీ లేదు. ఎక్కడో ఒకచోట తీగ సన్నబడుతుంది, సన్నబడ్డ చోట ఇంకా వేడెక్కుతుంది, ఒక రాత్రి తెగుతుంది.

వెలుతురూ ఆయుర్దాయమూ ఒకే మూటలోంచి ఖర్చవుతాయని అప్పుడు తెలిసింది. బల్బుకు అందే ఓల్టేజి 5 శాతం పెరిగితే వెలుతురు ఆరోవంతు పెరుగుతుంది, ఆయుష్షు రమారమి సగమవుతుంది. ఎక్కువ వెలుతురు బల్బులు చేసేవాళ్ళు అదే వాట్లలో తీగను మరింత దగ్గరగా, మరింత వేడిగా కాలేట్టు చుడతారు. కొందరు లోపల జినాన్ వాయువు నింపుతారు. మామూలు బల్బు నాలుగైదు వందల గంటలు వెలిగితే ఇవి రెండు వందల గంటలకు అటూ ఇటూగా సెలవు పుచ్చుకుంటాయి. ఎక్కువకాలం మన్నేవి అందుకు సరిగ్గా ఎదురు; వెయ్యి గంటలు దాటినా ఆశ్చర్యం లేదు, వెలుతురు మాత్రం కాస్త పేలవం.

ఆ నూటముప్ఫై శాతం సంగతి కూడా చెప్పాలి. ఎచ్-4 దించిన దీపానికి నియమం ప్రకారం 1000 ల్యూమెన్లు, అటూ ఇటూ 15 శాతం. ఆ గీత దాటని బల్బు రెండింతల పైన వెలుతురు ఎక్కణ్ణుంచి తెస్తుంది? రోడ్డు మీద ఒకానొక చోట, చట్టం కోరే కనీసపు వెలుతురుతో పోల్చిన లెక్క అది. ముందున్న రోడ్డు కాస్త దూరం తేటపడుతుంది. అది అబద్ధం కాదు, పెట్టె మీది అక్షరాలంత నిజమూ కాదు.

హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను. "ఇంకా ఆ తీగ బల్బులేమిటి నాన్నగారూ! ఎల్.ఇ.డి. వేయించండి, ముప్ఫై వేల గంటలు." కంపెనీవాడు ఎల్.ఇ.డి. కోసమే చేసిన దీపమైతే నాకు పేచీ లేదు. కాని మా కారు దీపపు అద్దం ఒకానొక చోట ఉండే చిన్న తీగ కోసం చేసింది. దించిన తీగ కింద చిన్న లోహపు డొప్ప ఉంటుంది. వెలుతురు పైకి పోకుండా అడ్డుకునేది అదే. ఆ చోట ఇంకోరకం దీపం దూరిస్తే వెలుతురు చెదిరి ఎదటివాడి కళ్ళల్లో పడుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఒక కొలత ఉంది. దీపానికి 8 మీటర్ల దూరాన, కన్ను మీటరున్నర ఎత్తుకు తగ్గకుండా నిలబడ్డ మనిషికి మిరుమిట్లు గొలపకూడదని. ఆ మనిషిగా నేను చాలాసార్లు ఉన్నాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కళ్ళు చీకట్లు కమ్మితే నలభై మీటర్లు గుడ్డిగా పోయినట్లే. మా దారిలో ఆ నలభై మీటర్లూ కాలవ గట్టు.

వంద, తొంభై వాట్ల బల్బులు కూడా అమ్ముతారు. 55 వాట్లకు వేసిన వైరులో 90 వాట్ల కరెంటు పోతే వైరు వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. హోల్డరు కరుగుతుంది, అద్దం మెరుపు మాడుతుంది.

మా వీధిలో టాక్సీ నడిపే కుర్రాడొకడున్నాడు. రాత్రిళ్ళు విజయవాడ, గన్నవరం తిరుగుతాడు. "మాకు ఎక్కువకాలం మన్నేవే బాబాయిగారూ. రోజుకు ఆరు గంటలు వెలగాలి. మీరు చూసినవి వేస్తే నెల తిరిగేసరికి అయిపోతాయి" అన్నాడు. మరి మాకో? మనవరాలు కాగితం తీసింది. "శనివారం గంటన్నర, మిగతా వారమంతా అరగంట. ఏడాదికి నూరు గంటలు తాతయ్యా. రెండొందల గంటలంటే రెండేళ్ళు." ధర మామూలు జతకు నాలుగైదు రెట్లు. "రెండేళ్ళ శనివారాలకు ఆ మాత్రం పెట్టలేమా!" అంది మా ఆవిడ. రాత్రిళ్ళు కారు మానెయ్యమన్న మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

అయితే మా ఎలక్ట్రీషియన్ కొత్త బల్బులు ముట్టుకోక ముందే మీటరు తీసి, ఇంజను నడుస్తుండగా బల్బు దగ్గర ఓల్టేజి చూశాడు. బ్యాటరీ దగ్గర ఉన్నదానికి పదోవంతు తక్కువ! పదోవంతు ఓల్టేజి పోతే వెలుతురులో మూడోవంతు దాకా పోతుంది. తుప్పు పట్టిన ఎర్త్ వైరు గీకి, రిలే ఒకటి పెట్టాడు. ఎండకు పచ్చబడిన దీపాల ముందు మూతలను సన్నని నీటికాగితంతో రుద్ది మెరిపించాడు. పాత బల్బులు వెలిగించి "ఇప్పుడు చూడండి మాస్టారూ" అంటే, కొత్తవి కొనకుండానే సగం పని అయిందనిపించింది. ఆ సగం ఏ పెట్టె మీదా రాసి ఉండదు.

మిగతా సగానికి కొత్తవి వేయించాను. రెండూ ఒక్కసారే. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే వెలుతురు ఒంటికన్నుగా ఉంటుంది. గాజును వేలితో తాకనివ్వలేదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి పాడవుతుంది. తర్వాత కారును గోడ ముందు నిలబెట్టి, మమ్మల్నిద్దర్నీ మా మా సీట్లలో కూర్చోబెట్టి, మరచుట్లు తిప్పి వెలుతురు గీతను దించాడు.

పాత జత పారెయ్యలేదు. గుడ్డలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. రెండేళ్ళన్నది లెక్కే గాని మాట ఇచ్చినవాడెవడూ లేడు. కొత్త పెట్టె మీద తారీఖు వేశాను. దాని కింద మా ఆవిడ ప్రతి శనివారం రాత్రి ఇల్లు చేరగానే గంటలు వేస్తోంది. మొన్నటికి ముప్ఫై ఏడున్నర.