రాత్రి పదకొండింటికి డ్యూటీ!

ఉప్పల్‌ స్టేడియంలో తగవొస్తే అంపైరున్నాడు. రోడ్డుమీదొస్తే పోలీసులున్నారు. మరి ఆన్‌లైన్‌ ఆటలో ఆటగాళ్లు గొడవపడితే? తీర్చడానికి జీతంలేని పోలీసొకడు కూర్చున్నాడు... జవహర్‌నగర్‌లో!

ఉప్పల్‌ మెట్రోలో దిగితే కాసేపు చెవులు పనిచేయవు. వరంగల్‌ బస్సుల హారన్లు, షేరాటోల కేకలు. 2023లో కట్టిన స్కైవాక్‌ ఎక్కితేగానీ ఆ కూడలి దాటలేం. అటు నాచారం వెళ్తే పారిశ్రామికవాడ, షిఫ్టు దిగి ఇళ్లకెళ్లే జనం. ఈ సందడంతా సద్దుమణిగేది జవహర్‌నగర్‌ సందుల్లోకి వచ్చాకే. గేట్ల ముందు బైకులు, మేడమీద ఆరేసిన బట్టలు... పది దాటితే వీధికుక్కలదే రాజ్యం. మా పిన్ని వాళ్లింట్లో మాత్రం పై గది కిటికీలో నీలం వెలుగు. తమ్ముడు ‘డ్యూటీ’ ఎక్కాడన్నమాట.

ఊరంతా తెలుగే!

వాడు ఆడేది ‘జీటీఏ ఫైవ్‌’. 2013లో వచ్చిన ఆట. ‘ఫైవ్‌ఎమ్‌’ అనే సాఫ్ట్‌వేర్‌తో అందులో అభిమానులే సొంత నగరాలు నడుపుకోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మన కుర్రాళ్లు ఇందులోకి బాగా దిగారు. ఒకరు మెకానిక్‌, ఒకరు అంబులెన్స్‌ డ్రైవరు, ఇంకొకరు దొంగ. ఎవరి పాత్రలో వాళ్లుండి మాట్లాడుకోవాలి.

దొంగని తరమడం కథలో భాగమే, అది తగవు కాదు. కారణం లేకుండా కాల్చేయడం, దొరికిపోయేముందు నెట్‌ తీసేయడం, బయట విన్న కబురుని లోపల వాడుకోవడం... ఇవీ నేరాలు. బాధితుడు వీడియో ముక్కతో ఫిర్యాదు పెడతాడు. ఇద్దరినీ వాయిస్‌ గదిలోకి పిలిచి, ఒకరి తర్వాత ఒకరిని మాట్లాడనిస్తారు. తప్పు తేలితే హెచ్చరిక, కొన్నాళ్ల నిషేధం, మరీ ముదిరితే శాశ్వత బహిష్కారం.

‘‘ఆడపిల్లల్ని ఏడిపిస్తే మాత్రం హెచ్చరికల్లేవన్నా, అక్కడికక్కడే బయటికి’’ అన్నాడు తమ్ముడు. బెదిరింపు ఆట దాటి ఫోన్‌దాకా వస్తే వాళ్లు తీర్పులు చెప్పరు. స్క్రీన్‌షాట్లు దాచుకుని 1930కి ఫోన్‌ చేయమంటారు.

జీతం అడిగారు!

ఈ ఉద్యోగం కొత్తదేం కాదు. 1997లో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్‌’లోనే ఆటగాళ్లకు సాయపడే వలంటీర్లుండేవారు. మాది పనే కదా, కూలి ఇవ్వరా అని 2000లో అమెరికాలో వాళ్లలో కొందరు కోర్టుకెక్కారు. ‘లీగ్‌ ఆఫ్‌ లెజెండ్స్‌’ అయితే 2011లో ఏకంగా ట్రైబ్యునలే పెట్టింది. దురుసుగా ప్రవర్తించినవాళ్ల మాటలు చదివి, శిక్షించాలో క్షమించాలో తోటి ఆటగాళ్లే ఓటేసేవారు.

‘‘ఆ కోర్టు సంగతి వీడికి చెప్పు నాయనా. నిద్ర పాడు, రూపాయి రాదు’’ అంది పిన్ని టీ ఇస్తూ.

అసలు పరీక్ష

మొన్న వేసవిలో వాడికో చిక్కొచ్చింది. పక్కసందులో ఉండే స్నేహితుడు ఆటలో దొంగ. పోలీసులు చుట్టుముట్టగానే మాయమయ్యాడు. ఫిర్యాదొస్తే ‘కరెంటు పోయింది’ అన్నాడు. రెండిళ్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్‌! ఆ రాత్రి తమ్ముడి గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇంతలో ఫోన్‌... ‘మనోడివే కదరా, చూస్కో’ అని.

కరెంటు సంగతి చెబితే కేసు క్షణంలో తేలిపోతుంది. కానీ అది సాక్ష్యమా, చాడీయా? చెప్పకపోతే స్నేహితుణ్ని కాపాడినట్టా? గంటసేపు ఆలోచించి, వాడు నా స్నేహితుడు, నేను విననని రాసి కేసుని వేరొకరికి అప్పగించాడు. వీడియోలో, మాయమవడానికి ముందు ఆ కుర్రాడన్న మాటే పట్టిచ్చింది: ‘‘ఇప్పుడు చూడండి, ఎలా పోతానో!’’ మూడు రోజుల నిషేధం పడింది.

పదిహేను రోజులు మాటల్లేవు. టిఫిన్‌ సెంటర్‌ దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకొనేవాడట. ఒక ఆదివారం సందులో క్రికెట్‌కి అంపైరు కావాల్సి వచ్చింది. ఎవరిని పెట్టినా గొడవే. చివరికి ఆ స్నేహితుడే వచ్చి గేటు కొట్టాడు.

‘‘నువ్వు నిలబడరా. నువ్వైతే మనోడని చూడవు!’’