శత్రువు ఆనవాలు

పిల్లలూ! దేనికైనా అతి పనికిరాదని పెద్దలు అంటూంటారు గదా. మన శరీరంలోనూ అంతే. మంచి చేసే వస్తువే మితిమీరితే రోగమవుతుంది. అయితే, ఆ అతి మూలంగానే రోగం పట్టుబడిపోయిన సందర్భం ఒకటి వున్నది. అదే మీకు చెబుతాను.

మన శరీరం కోటానుకోట్ల జీవకణాలతో ఏర్పడింది. ఇంటికి ప్రహరీగోడ వున్నట్టు ప్రతి కణానికీ పలచని పొర వుంటుంది. ఆ పొరలో కొన్ని మాంసకృత్తులు కావలివాళ్ళలాగా నిలబడి వుంటాయి. ఇవే మీ పాఠాలలో వచ్చే ప్రోటీనులు. వీటి తల గోడకు బయట, కాళ్ళు లోపల. బయటినుంచి “పెరగండి” అనే కబురు రాగానే ఇద్దరు కావలివాళ్ళు చేతులు కలుపుతారు. ఆ వార్త లోపలికి పోతుంది, కణం రెండవుతుంది. మీ మోకాలు గీరుకుపోతే కొత్త చర్మం వచ్చేది ఇలాగే.

ఈ కావలివాళ్ళలో ఒకడి పేరు హెర్-2. మామూలు కణం మీద ఇవి కొన్ని వేలు మాత్రమే వుంటాయి. వీటిని తయారుచేసే జన్యువుకు ప్రతి కణంలోనూ రెండే నకళ్ళు. కొన్ని రొమ్ము కాన్సరు కణాలలో ఆ నకళ్ళు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి. అప్పుడు ఒక్కొక్క కణం మీద 20 లక్షల దాకా హెర్-2లు కిక్కిరిసి నిలబడతాయి. అంత గుంపులో ఎవరూ కబురు తేకపోయినా ఒకరి చేయి ఒకరికి తగులుతూనే వుంటుంది. ఇక కణం ఆగకుండా పెరుగుతుంది!

దీని జాడ అమెరికాలో బయటపడింది. 1982లో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలలో మన దేశపువాడైన లక్ష్మీచరణ్ పాఢీ, ఎలుకల కాన్సరుకు సంబంధించిన ఒక మాంసకృత్తును పట్టుకున్నాడు. 1985లో ఆక్సెల్ ఉల్‌రిచ్, ఆయన సహచరులు మనుషులలోని హెర్-2 జన్యువును వర్ణించారు. 1987లో డెనిస్ స్లామన్ బృందం 189 మంది రొమ్ము గడ్డలను పరీక్షించింది. నూటికి 30 గడ్డలలో ఆ జన్యువు నకళ్ళు పెరిగి వున్నాయి. నకళ్ళు ఎక్కువైనవారికి రోగం త్వరగా తిరగబెడుతున్నదని కూడా తేలింది.

మరి మందు ఎలా దొరికింది? శత్రువు గుర్తు గోడ బయటనే కనిపిస్తున్నది గదా! ఒకే గుర్తును పట్టుకునే ప్రతిదేహాలను తయారుచేసే పద్ధతిని 1975లోనే కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆ పద్ధతితోనే హెర్-2 తలను పట్టుకునే ప్రతిదేహం తయారయింది. అది ఎలుకది గనుక, మన శరీరం పరాయిదని తరిమివేయకుండా చాలాభాగం మనిషి ప్రతిదేహంలాగా మార్చారు. ఇదే ట్రాస్టుజుమాబ్. 1998లో అమెరికా ప్రభుత్వం దీన్ని అనుమతించింది. ఇది హెర్-2 నోరు నొక్కుతుంది. పైగా, “శత్రువు ఇక్కడున్నాడు!” అని మన తెల్లకణాలను పిలుస్తుంది.

మా చెల్లెలికి 2016లో రొమ్ము కాన్సరు వచ్చింది. పరీక్ష కాగితంలో హెర్-2 “మూడు ప్లస్” అని వున్నది. మూడు వారాలకొకసారి, ఏడాదిపాటు ఈ మందు ఎక్కించారు. ఇది కొందరి గుండెను బలహీనపరుస్తుంది గనుక మధ్యమధ్య గుండె పరీక్షలు కూడా చేశారు. ఇప్పుడు ఆమె కులాసాగా వున్నది.

కాని ఆస్పత్రిలో పక్క మంచం మీద ఇంకొక తల్లి వుండేది. ఆమె గడ్డలో హెర్-2 ఎక్కువగా లేదు. “అందరికీ ఇచ్చే మందు నాకెందుకివ్వరు? డబ్బు లేదనా?” అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. నర్సు పక్కన కూర్చుని, “కాదమ్మా, గురి లేనిచోట బాణం వేస్తే ఏం లాభం? మీకు తగిన మందు వేరే వున్నది” అని ఓపికగా చెప్పింది. రొమ్ము కాన్సరు వచ్చిన నూరుమందిలో 15 నుంచి 20 మందికే హెర్-2 ఎక్కువగా వుంటుంది. అందుచేతనే ముందు పరీక్ష, తరవాత మందు. పేరు ఒకటే అయినా రోగం అందరిలోనూ ఒకటి కాదు.

అయితే శాస్త్రజ్ఞులు మిగిలినవారిని మరిచిపోలేదు. ఈ ప్రతిదేహానికే విషపు మందు తగిలించి కణంలోకి పంపే ఉపాయం కనిపెట్టారు. హెర్-2 కొద్దిగానే వున్న, వ్యాధి ముదిరిన కొందరికి కూడా అటువంటి మందు ఒకటి పనిచేస్తుందని తేలి, 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అసలు హెర్-2 లేనివారికోసం వేరే ఆనవాళ్ళు వెతుకుతూనే వున్నారు.

ఆ పని ఇంకా ఎంతో మిగిలి వున్నది. మీలో ఎవరు చేస్తారు?