పండక్కి మా ఊరొచ్చిన చుట్టాలు

సంక్రాంతికి మనమే వెళ్ళాలి గాని, మన దగ్గరికి ఎవరూ రారు. బదిలీ ఉద్యోగుల పిల్లలందరికీ ఇది తెలిసిన సంగతే. ముందుగా టిక్కెట్లు తీయించుకోవడం, సూట్‌కేసులు సర్దుకోవడం, తాతగారింట్లో నాలుగు రోజులుండి తిరిగి రావడం. 2025 సంక్రాంతికి మాత్రం నాన్నగారికి సెలవు దొరకలేదు. సంగతి తెలిసి తాతయ్య విజయనగరం నుంచి ఫోన్ చేసి, "మీరు రాలేకపోతే మేమే వస్తాం" అన్నారు. అక్కాతమ్ముళ్ళం ఇద్దరం ఎగిరి గంతేశాం.

నాన్నగారు రైల్వేలో స్టేషన్ మాస్టరు. అంతకు ముందు జూన్‌లోనే మేము విశాఖపట్నం నుంచి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకు వచ్చాం. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గంలో, కోరాపుట్‌కు ఇవతల ఒక చిన్న స్టేషన్ మాది. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. రాత్రంతా ఖనిజం గూడ్సులు పోతూనే ఉంటాయి. స్టేషన్ వెనక రెండు గదుల క్వార్టరు, ముందు బోరింగు, ఆ పక్కన వరి మడులు, వాటి అవతల కొండలు. ఇదే మా కొత్త ఇల్లు.

రెండు రోజుల తరవాత తాతయ్య నాన్నగారితో మాట్లాడుతుంటే మా చెవిన పడింది. "వెళ్ళేటప్పుడు పిల్లల్ని మాతో తీసుకుపోతాం. విజయనగరంలో చదువుకుంటారు. అడవిలో ఉంచి వాళ్ళ చదువు పాడు చెయ్యకు." నాన్నగారు ఏమీ అనలేదు. అమ్మ మాత్రం, "ముందు వచ్చి చూడనివ్వండి" అంది. అప్పటినుంచి పండగ వస్తోందన్న సంతోషం సగమే మిగిలింది.

అయినా పనులు ఆగవు కదా. ఇంట్లో ఉన్న దుప్పట్లు మా నలుగురికే సరిపోతాయి. పైగా జనవరిలో ఇక్కడి చలి మామూలు చలి కాదు. పక్క క్వార్టరులోని పాయింట్స్‌మన్ అంకుల్ రెండు రగ్గులిచ్చారు. పాలు పోసే మౌసీ ఒక నులకమంచం పంపింది. ఆమె ఆవుల పేడతోనే మేము భోగి పిడకలు చేసి ఎండబెట్టాం. పిడకలకు మధ్యలో చిల్లెందుకో ఊరి పిల్లలకు అర్థం కాలేదు. దండ గుచ్చి చూపించాక వాళ్ళూ కూర్చుని మరో దండకు సరిపడా చేసిపెట్టారు.

జనవరి 11న తాతయ్య, మామ్మ, బాబాయి వాళ్ళ అబ్బాయి కొత్తవలసలో కిరండూల్ పాసింజరు ఎక్కారు. సాలూరు మీదుగా బస్సులో రావచ్చు గాని, ఘాట్ రోడ్డంటే మామ్మకు వాంతులు. ఈ లైనులో 58 సొరంగాలున్నాయని మేము ముందే చెప్పడంతో మా తమ్ముడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చాడట. 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ స్టేషన్ దాటేసరికి లెక్క తప్పి నిద్రపోయాడు. మా ప్లాట్‌ఫారం పల్లంగా ఉంటుంది. మామ్మ దిగడానికి స్టేషన్ గదిలోని స్టూలు తెచ్చి వేశాం. దిగగానే ఆవిడ చుట్టూ చూసి, "ఊరేదర్రా?" అంది.

మర్నాడు ఆదివారం ఊరిని చూపించడానికి సంతకు తీసుకెళ్ళాం. అల్లం, చిలగడదుంపలు, చిక్కుళ్ళు, గుమ్మడికాయలు, అడ్డాకుల విస్తళ్ళు. ధాన్యాన్ని తూకం వెయ్యరు, పాత్రతో కొలిచి పోస్తారు. అది చూసి తాతయ్య ముఖం వెలిగింది. చిన్నప్పుడు వాళ్ళింట్లోనూ కుంచంతో, మానికతోనే కొలిచేవారట. బేరమంతా మేమే ఆడాం. ఆరు నెలల్లో మాకు వచ్చిన భాష సంతకు సరిపోతుంది. మామ్మ చోళ్ళు గుర్తుపట్టింది. వీటిని ఇక్కడ మాండియా అంటారని చెప్పాం. జీలకర్రలా నల్లగా, సన్నగా ఉండే కాలాజీరా వడ్లు కూడా చూపించాం. ఈ బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ సాయంత్రం తాతయ్య ఒక సంగతి చెప్పారు. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేదట. వాళ్ళ తాతగారు ఎడ్ల మీద ఉప్పు వేసుకుని సాలూరు ఘాట్ ఎక్కి ఈ కొండల మీదికే వచ్చేవారట. ఈ మాట ఇన్నాళ్ళూ మాకెవరూ చెప్పలేదు.

ఆ ఏడు భోగి, పుష్య పున్నమి ఒకే రోజు వచ్చాయి. పున్నమికి ఇక్కడివాళ్ళు పుష్ పరబ్ చేసుకుంటారు. తెల్లవారుజామున మేము భోగిమంట వేశాం. పొద్దెక్కాక ఊరి పిల్లలు గుంపుగా పాడుకుంటూ బియ్యం అడగడానికి గుమ్మంలోకి వచ్చారు. మామ్మ హరిదాసుకి పోసినట్టే చేటతో తెచ్చి వాళ్ళ సంచిలో పోసింది. తరవాత మౌసీకి అరిసెలు పెడితే ఆమె కొరికి చూసి, "అరిసా పిఠా!" అని నవ్వింది. ఒడిశాలోనూ బియ్యప్పిండి, బెల్లంతో అదే వంట, పేరు కూడా దాదాపు అదే. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పాకం గురించి గంటసేపు మాట్లాడుకున్నారు.

అంతా బాగానే ఉందనుకున్న ఆ రాత్రే తాతయ్య బీపీ మాత్రలు అయిపోయాయి. ఊళ్ళో మందుల షాపు లేదు. పండగ కావడంతో జీపులు లేవు. నాన్నగారు డ్యూటీలో ఉన్నారు. తాతయ్య కోప్పడలేదు. "నేను చెప్పేది ఇదేనమ్మా" అని మాత్రం అన్నారు. ఆ మాటకు అమ్మ దగ్గర గాని, మా దగ్గర గాని జవాబు లేదు. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు తెల్లవారకుండానే పాయింట్స్‌మన్ అంకుల్ మంచులో మోటారు సైకిలు వేసుకుని కోరాపుట్ వెళ్ళి మాత్రలు తెచ్చారు. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు అరిసెలు తిని డ్యూటీకి వెళ్ళిపోయారు.

కనుమ నాటి సాయంత్రం తాతయ్య మా ఇద్దరినీ నులకమంచం మీద కూర్చోబెట్టుకున్నారు. "మీరేమంటారు?" అని అడిగారు. మా చదువు గురించి పెద్దవాళ్ళు మమ్మల్ని అడగడం అదే మొదటిసారి. మాలో పెద్దది, "ఇక్కడ మందుల షాపు లేదు, ట్యూషన్ లేదు. నిజమే తాతయ్యా. కానీ అమ్మా నాన్నగారూ ఉన్నది ఇక్కడే కదా" అంది. చిన్నవాడు ఏదో చెప్పబోయి ఏడ్చేశాడు. తాతయ్య చాలాసేపు కొండలకేసి చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు ప్లాట్‌ఫారం మీద, రైలు వచ్చే ముందు, నాన్నగారితో అన్నారు: "పదో తరగతి దాకా ఇక్కడే చదవనీ. ఆ పైన దాని ఇష్టం. ఒక మందుల పెట్టె మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఉంచు." స్టూలు ఎక్కి పెట్టెలోకి వెళ్ళిన మామ్మ చేతి సంచిలో రెండు కిలోల కాలాజీరా బియ్యం ఉన్నాయి. వారం తిరక్కుండానే ఆ బియ్యంతో పరమాన్నం వండి పక్కింటివాళ్ళకు పంచిపెట్టిందట. "మా పిల్లల ఊరి బియ్యం" అని చెప్పిందట.

ఎవరైనా మన ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళాక, ఆ ఇల్లు మనకే కొత్తగా కనిపిస్తుంది. బోరింగు దగ్గరికి, సంతకు, మౌసీ ఇంటికి చుట్టాలకు దారి చూపించింది మనమే కదా. క్వార్టరు రైల్వేదే గాని, చుట్టాలను పిలిచింది మాత్రం మనం.

అమ్మ ఆ నెల జీతంలోనే రెండు రగ్గులు, ఒక మందుల పెట్టె కొంది. వచ్చే బదిలీ ఎక్కడికో ఇంకా తెలియదు. ఎక్కడికైనా ఆ రెండు రగ్గులూ మాతోపాటే వస్తాయి.