స్టేజీ పక్కన కూర్చునే మనిషి

దుగ్గిరాల అనగానే ఎవరికైనా పసుపు యార్డు గుర్తొస్తుంది. నాటకం గుర్తు రాదు. కానీ మా చుట్టుపక్కల నాటకానికేం తక్కువ లేదండీ. ఆడవేషాలకు పెట్టింది పేరైన స్థానం నరసింహారావు గారు బాపట్లలో పుట్టారు. ఆయన పేరు మోగింది తెనాలి రామవిలాస సభ నాటకాల్లో. కొంగర జగ్గయ్య గారిది మాకు దగ్గరి మోరంపూడి. ఇప్పటికీ ఈ వైపు పరిషత్తు నాటకాల పోటీలంటే పనులు మానుకుని వెళ్ళేవాళ్ళున్నారు.

మా అత్తగారికి ఎనభై దాటాయి. చిన్నప్పుడు చాప చంకన పెట్టుకుని వెళ్ళి తెల్లవార్లూ చూసిన పద్య నాటకాలు ఆవిడకి నిన్న మొన్న చూసినట్టే ఉంటాయి. కృష్ణుడు ఎవరు, అర్జునుడు ఎవరు, ఏ పద్యానికి ఎన్నిసార్లు వన్స్ మోర్ కొట్టారు, అన్నీ చెప్తారు. "మరి హార్మోనియం ఎవరు వాయించారత్తయ్యా?" అని అడిగితే మాత్రం, "ఎవరో హార్మోనీ ఆయనలేవే" అంటారు. ఆయన లేకపోతే పద్యం ఎత్తుకునేవాళ్ళే లేరని కూడా ఆవిడే అంటారు. పేరు మాత్రం తెలీదు.

ఈసారి ఆ పేరు తెలియని మనిషి గురించే రాయాలనిపించింది. ఎందుకంటే మా అమ్మాయి వెళ్ళి సరిగ్గా ఆ చోట కూర్చుంటానంటోంది.

పిల్ల ఏడో ఏట నుంచి సంగీతం నేర్చుకుంటోంది. వారానికి మూడు రోజులు తెనాలి తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. డిగ్రీ అయ్యాక సంగీతంలో డిప్లొమా కూడా చేసింది. నవరాత్రుల్లో గుళ్ళో కచేరీ పెడితే మా బంధువులంతా ముందు వరసలో కూర్చుంటారు. అంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రెండేళ్ళ నుంచి ఒక నాటక సమాజానికి సంగీతం చేస్తోంది. పద్యాలకు వరసలు కడుతుంది. సన్నివేశాలకు వెనక సంగీతం సమకూరుస్తుంది. రిహార్సల్స్ లో తనే కీబోర్డు ముందు కూర్చుంటుంది. ఇప్పుడు అదే తన వృత్తి అంటోంది.

సరిగ్గా ఈ సమయంలోనే ఒక మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు, కుటుంబం కూడా మర్యాదస్తులే. అన్నీ మాట్లాడుకున్నాక అబ్బాయి వాళ్ళమ్మ గారు మెల్లగా అన్నారు, "పాట నేర్పించుకున్నా సరే, కచేరీలు చేసుకున్నా సరే వదినగారూ. నాటకాల వాళ్ళతో ఊళ్ళు తిరగడం మాత్రం మా ఇంట్లో కుదరదు" అని. మా ఆడపడుచు ఇంకో మాట కలిపింది: "అంత సంగీతం నేర్పించి, చివరికి ఎవరో డైలాగులు చెప్తుంటే పక్కన కూర్చుని పెట్టె వాయించడానికా వదినా?"

ఆ "పక్కన కూర్చుని" అన్న మాట నాకు చాలా రోజులు తిరిగింది. అమ్మాయి మాత్రం వాదించలేదు. "అమ్మా, పట్రాయని సంగీతరావు గారి గురించి ఒకసారి చదువు" అంది. పేరు వినగానే నవ్వొచ్చింది, సంగీతం చేసే మనిషి పేరే సంగీతరావు అయితే ఇంకేం కావాలి అని. చదివాక నవ్వు పోయింది. నాకు తెలిసినంత మీకూ చెప్తాను.

ఆయన 1920లో శ్రీకాకుళం జిల్లా కింతలిలో పుట్టారు. తాత గారిని సాలూరు పెదగురువు గారనీ, తండ్రి సీతారామశాస్త్రి గారిని సాలూరు చినగురువు గారనీ పిలిచేవారట. చినగురువు గారు విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం చెప్పేవారు. ఘంటసాల గారు కుర్రతనంలో ఇల్లు వదిలి విజయనగరం వెళ్ళి, మధూకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్నారన్న కథ మనందరం విన్నదే. ఆ పిల్లవాణ్ణి చేరదీసి సంగీతం చెప్పిన గురువు ఈయనే. చినగురువు గారు హార్మోనియం తానే వాయించుకుంటూ పాడేవారు.

ఆ రోజుల్లో హార్మోనియం అంటే శాస్త్రీయ సంగీతం వాళ్ళకు చిన్నచూపు. దాని మెట్లు కదలవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గమకం పలకదు అనేవారు. 1940 మార్చిలో ఆలిండియా రేడియో దాన్ని గడప బయటే ఆపేసింది. మళ్ళీ కొంత సడలించింది 1971లో. అంటే ముప్ఫై ఏళ్ళు! మా ఆడపడుచు "పెట్టె" అని విరిచినట్టు అనడం వెనక ఇంత చరిత్ర ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ ముప్ఫై ఏళ్ళూ మన ఊళ్ళలో నాటకాలు నడిచింది మాత్రం ఆ పెట్టె మీదే.

సంగీతరావు గారు 1950ల్లో మద్రాసు చేరి ఘంటసాల గారి దగ్గర సహాయకుడిగా కుదురుకున్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సంగీతరావు గారు గురువు గారి కొడుకు. ఘంటసాల గారు ఆ గురువుకి శిష్యుడు, వయసులో రెండేళ్ళు చిన్న కూడా. మన ఇళ్ళలో అయితే ఇదెంత పెద్ద విషయమవుతుంది! "వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నవాడి కింద వీడు పనిచేయడమేంటి" అని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎన్ని మాటలు! ఆయన మాత్రం ఇరవై ఏళ్ళకు పైనే ఘంటసాల గారి వెంట ఉన్నారు. టీ నగర్ ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల గారి ఇంటి ఆవరణలోనే ఈయన కుటుంబం కూడా ఉండేది. 1971లో ఘంటసాల గారు యూరప్, అమెరికా వెళ్ళి కచేరీలు చేసినప్పుడు హార్మోనియం మీద వెంట వెళ్ళింది ఈయనే. పాత సినిమా టైటిల్స్ ఆపి చూస్తే, ఘంటసాల పేరు తర్వాత చిన్న అక్షరాల్లో "సహాయకుడు" అని ఆయన పేరు ఉంటుంది. నేను ఆపి చూశాను. రెండు సెకన్లు ఉండి వెళ్ళిపోతుంది.

1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు పోయారు. అప్పటికి సంగీతరావు గారికి యాభై మూడేళ్ళు.

ఆ సంఖ్య దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. యాభై దాటాక మనం ఏమంటామండీ? పిల్లలు సెటిలైపోతే చాలు, ఇంక మనకేముంది అంటాం. ఎవరి చుట్టూ మన రోజంతా తిరిగిందో ఆ మనిషి లేకుండా పోతే, ఇంక మన పనీ అయిపోయినట్టే అనుకుంటాం. ఆయన అలా అనుకోలేదు. వెంపటి చినసత్యం గారి కూచిపూడి ఆర్ట్ అకాడమీలో సంగీతం బాధ్యత ఆయనదైంది. చినసత్యం గారు ఈయనకంటే తొమ్మిదేళ్ళు చిన్న. మద్రాసులో ఆ అకాడమీ 1963లో పెట్టారు. చండాలిక, పద్మావతీ శ్రీనివాసం, హరవిలాసం, రామాయణం లాంటి నృత్యనాటకాలకు సంగీతరావు గారి సంగీతమే. తరాల తరబడి నేర్చుకున్న శాస్త్రీయ సంగీతమంతా, తనది అని చెప్పుకోగలిగిన రచనగా బయటికొచ్చింది ఆ రంగస్థలం మీద.

కూచిపూడిని మనం డాన్స్ అనేస్తాం గానీ, అది పుట్టింది నాటకంగానే. భాగవతుల మేళం ఊరూరా తిరిగి ఆడేది. మాటా, పాటా, వేషం, అభినయం అన్నీ ఉండేవి. ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారు. ఆ కూచిపూడి మాకు దూరమేం కాదు. రేపల్లె దాటి పెనుమూడి వారధి ఎక్కితే కృష్ణ అవతల పులిగడ్డ, చల్లపల్లి, ఆ పైన కూచిపూడి. మా అమృతలూరు దగ్గర ఇంకో కూచిపూడి ఉంది. కొత్తవాళ్ళు అక్కడ దిగి, డాన్స్ నేర్పేది ఎక్కడండీ అని అడిగినా అడుగుతారు!

ఇంతకీ కచేరీ సంగీతానికీ నాటకం సంగీతానికీ తేడా ఏమిటో నాకు మా అమ్మాయి పని చూశాకే అర్థమైంది. కచేరీలో రాగం పాడేవాళ్ళది. అరగంట ఆలాపన చేసినా అడిగేవాళ్ళు లేరు, బాగుంటే ఇంకా పాడమంటారు. నాటకంలో కాలం మన చేతిలో ఉండదు. పాత్ర తెర వెనక నుంచి వచ్చి స్టేజీ మధ్యలో నిలబడటానికి ఎన్ని అడుగులు పడతాయో ప్రవేశ దరువు అంతే ఉండాలి. సత్యభామ వస్తోందంటే మొదటి రెండు పంక్తుల్లోనే ఆవిడ గర్వం చెవికి తెలియాలి. కోపం తగ్గి కన్నీళ్ళు వచ్చే చోట రాగం మారాలి, ఆ మార్పు చూసేవాళ్ళకి తెలియకూడదు. నట్టువాంగం చెప్పే జతికీ, ఆడేవాళ్ళ పాదానికీ, పాడేవాళ్ళ ఊపిరికీ మధ్య సందు లేకుండా కుట్టాలి. ఆడేవాళ్ళు బట్టలు మార్చుకునే వ్యవధి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చండాలిక కథే తీసుకోండి. టాగూరు రాసింది. పూలమ్మేవాళ్ళూ, పెరుగమ్మేవాళ్ళూ, గాజులమ్మేవాళ్ళూ అంటరానిదని దూరం పెట్టిన పిల్ల ప్రకృతి. దాహంతో వచ్చిన బౌద్ధ భిక్షువు ఆనందుడు ఆమె చేతి నీళ్ళు అడిగి తాగుతాడు. తనూ మనిషినేనని ఆ పిల్లకి మొదటిసారి తెలుస్తుంది. ఆ తర్వాత ఆ భిక్షువు మీద మనసు పడుతుంది, తల్లి చేత మంత్రం వేయిస్తుంది. బజారు కేకలూ, భిక్షువు శాంతమూ, తల్లి మంత్రమూ, పిల్ల పశ్చాత్తాపమూ ఒక్క సాయంత్రంలో రావాలి. దీనికి సంగీతం కట్టే మనిషికి త్యాగరాజ కృతులు వస్తే సరిపోదు. పెరుగమ్మే మనిషి కేక ఎలా ఉంటుందో వినే చెవి కూడా ఉండాలి.

మా అమ్మాయి చేసేది ఇంత పెద్ద పని అని నేననను. పరిషత్తు నాటకానికి గంట నిడివి. మొన్నామధ్య వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నువ్వు ఉత్తరం చదివి షాక్ అయ్యావనుకో. ఆ తలుపు దగ్గర్నుంచి ఈ కుర్చీ దాకా నడిచి కూర్చో" అంది. చేతికి శనగపిండి ఉండగానే నడిచాను. ఫోనులో టైము చూసుకుంది. "తొమ్మిది సెకన్లు. కానీ కూర్చునే ముందు నువ్వు కుర్చీ పట్టుకున్నావు. అక్కడ వయొలిన్ ఆపేయాలి" అంది. నిజంగా కుర్చీ పట్టుకున్నానా అని నాకే గుర్తులేదు. పదిహేనేళ్ళ సంగీతం దీనికి పనికిరాదని ఎలా అంటాం?

ఇక మావారి సంగతి. ఆయన పసుపు యార్డులో లెక్కలు రాస్తారు. సంగీతరావు గారి కథంతా విని, "బాగుంది. మరి నెలకి ఎంతొస్తుంది?" అన్నారు. అది తప్పు ప్రశ్నని నేననను. నాటకానికి సంగీతం చేస్తే ఒక నెల వస్తుంది, మూడు నెలలు రాదు. అందరికీ ఘంటసాల లాంటి అండ, చినసత్యం లాంటి సహచరుడు దొరుకుతారా అంటే అదీ చెప్పలేం. అమ్మాయే లెక్క రాసి చూపించింది. ఉదయం ఆన్‌లైన్ లో అమెరికా పిల్లలకు పాఠాలు, సాయంత్రం ఇక్కడి పిల్లలకు పాఠాలు, మిగిలిన కాలం నాటకం. "పాఠాలు నా అన్నం నాన్నా, నాటకం నా పని" అంది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదంటే మా ఇంట్లో సగం ఒప్పుకున్నట్టే.

అత్తగారి మాట వేరు. "పూర్వం ఆడవేషం కూడా మగాళ్ళే కట్టేవాళ్ళు. ఇప్పుడు ఆడపిల్ల హార్మోనీ దగ్గర కూర్చుంటానంటే మీకేం నొప్పి? కూర్చోనివ్వండి. ఈసారి పేరు నేను గుర్తుపెట్టుకుంటాను" అన్నారు. అందరం నవ్వాం గానీ, నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

పోయిన శుక్రవారం అబ్బాయి వాళ్ళమ్మ గారికి నేనే ఫోన్ చేశాను. "వదినగారూ, మా అమ్మాయి నాటకాలకు సంగీతం చేస్తుంది. పెళ్ళయ్యాకా చేస్తుంది. అది ముందే చెప్పడం మర్యాద అని చేశాను. మీకు నచ్చితే రండి, నచ్చకపోతే మా మధ్య ఏ మాటా లేదు" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒకసారి ఆ నాటకం ఏదో మేమూ చూడొచ్చా?" అని అడిగారు. సంక్రాంతి తర్వాత ఉందని చెప్పాను. వస్తారో రారో తెలీదు. వచ్చినా ఒప్పుకుంటారని నమ్మకం లేదు. ఒప్పుకోకపోతే ఆ సంబంధం పోతుంది. అంత మంచి కుర్రాడు మళ్ళీ దొరుకుతాడా అని రాత్రిళ్ళు నాకూ నిద్ర పట్టడం లేదు. అయినా ఆ ఫోను మాత్రం మళ్ళీ చేయమన్నా చేస్తాను.

సంగీతరావు గారు 2021 జూన్ లో చెన్నైలో కన్నుమూశారు, కోవిడ్ రోజుల్లో. అప్పటికి నూరేళ్ళు నిండాయి. ఆయన కట్టిన వరసలకు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఒక పిల్ల గజ్జె కట్టుకుని ఆడుతూనే ఉంటుంది. ఆ పిల్ల తల్లి కింద కూర్చుని ఫోనులో వీడియో తీస్తూ ఉంటుంది. మీరెప్పుడైనా ఆ తల్లి స్థానంలో ఉంటే, కెమెరాను ఒక్కసారి స్టేజీకి ఎడమ పక్కకో కుడి పక్కకో తిప్పండి. అయిపోయాక దగ్గరికెళ్ళి వాళ్ళ పేరు కూడా అడగండి.