భూటాను యాత్ర: అత్తగారి జమాఖర్చుల పుస్తకము

గడచిన కార్తికమాసమున మేము భూటాను దేశమును చూచి వచ్చితిమి. మా దంపతులము, అత్తగారు, తొమ్మిదేండ్ల మా అమ్మాయి, మొత్తము నలుగురము. హైదరాబాదు నుండి బాగ్‌డోగ్రా వరకు విమానములో పోయి, అచ్చటినుండి తేయాకు తోటల నడుమ కారులో ప్రయాణము చేసి, సరిహద్దునందలి జయగావ్ చేరితిమి. జయగావ్ మన దేశపు టూరు. దాని నానుకొనియే భూటాను వారి ఫుంట్‌షోలింగ్ పట్టణము కలదు. నడుమ నున్నది యొక ద్వారము మాత్రమే. ఈవల బండ్ల మ్రోతలు, దుకాణముల కేకలు. ఆవల సద్దుమణిగిన వీధులు. ఇంత చిన్న యెడములో ఇంత భేద మెట్లు కలిగెనా యని మే మాశ్చర్యపడితిమి.

ఆ దేశమున ప్రవేశించు యాత్రికు లెల్లరును ‘సుస్థిరాభివృద్ధి రుసుము’ చెల్లింపవలయును. భారతీయులకు తలకు రాత్రి యొక్కంటికి 1,200 రూపాయలు. ఆరు మొదలు పండ్రెండేండ్ల వరకు గల పిల్లలకు సగము. అంతకు చిన్నవారికి లేదు. తక్కిన దేశములవారికి చాలమట్టుకు రాత్రికి 100 డాలర్లు. మాకు రాత్రికి 4,200 చొప్పున ఆరు రాత్రులకు 25,200 రూపాయలయ్యెను. బసకు, భోజనమునకు, బండికి వేరే.

మా అత్తగా రే యూరు వెళ్లినను సంచిలో నొక జమాఖర్చుల పుస్తకము నుంచుకొందురు. అందు మూడు గడులు: తేది, మొత్తము, ‘ఎందు నిమిత్తము’. ఈ యాత్రకు సగము సొమ్ము ఆమె పింఛనులో మిగిల్చినదే. రసీదు చేతికి రాగానే కండ్లద్దములు పెట్టుకొని మొదటి రెండు గడులు నింపి, మూడవదానికడ కలము నిలిపి, “ఈ డబ్బు ఎందుకు పోతుందమ్మా?” అని యడిగిరి. అడవులను, కొండలను కాపాడుట కని మేము చెప్పితిమి. “అది వాళ్లు చెప్పే మాట. నేనడిగేది లెక్క” అని యామె యా గడిని ఖాళీగా విడిచిరి.

ఆ మాటలోని వాడి మాకు తెలియును. అంతకు మునుపటి యేడు మన ప్రాంతమందే యొక జలపాతమును చూడబోయితిమి. దారిలో గొలుసు కట్టి, బండి నాపి, ‘పరిసరముల పరిశుభ్రతకై’ యని రుసుము వసూలు చేసిరి. లోపలికి పోయి చూచిన నీటి యొడ్డున నెల్ల నీళ్ల సీసాలు, విస్తరులు, చిప్సు పొట్లముల కాగితములు. మా అమ్మాయి రసీదును చూచి, చెత్తను చూచి, “అమ్మా, ఇది దేనికిచ్చిన డబ్బు?” అని యడిగినది. ఆనాడు మేమేమియు చెప్పజాలకపోతిమి. అత్తగారి పుస్తకములో ఆ పద్దు కెదుట మూడవ గడి నేటికిని ఖాళీయే.

ఫుంట్‌షోలింగ్ నుండి థింపూ నగరమునకు కొండదారి. దారి పొడుగునను అడవియే. భూటాను రాజ్యాంగము 2008లో అమలునకు వచ్చినది. దేశపు భూమిలో నూటికి 60 పాళ్లకు తక్కువ కాకుండ అడవి యెల్లకాలము నిలిచి యుండవలెనని యందు శాసించిరి. ఇప్పుడు నూటికి సుమారు 70 పాళ్లు అడవి యున్నది. 1974లో ఈ దేశము విదేశ యాత్రికులకు తలుపులు తెరచినది మొదలు, జనము తక్కువగా రావలెను, వచ్చినవారివలన ఫలము ఎక్కువగా నుండవలెనను నియమమునే పాటించుచున్నారు.

మా మార్గదర్శకుడు ముప్పదేండ్ల యువకుడు. హిందీ చక్కగా మాటాడును. పునాఖాకు పోవుదారిలో దోచులా కనుమకడ నూటయెనిమిది చైత్యములను చూపుచుండగా అత్తగా రతనినే యడిగిరి. అతడు కొంచెమాలోచించి యిట్లనెను: “అమ్మా, మీ సొమ్ము ప్రభుత్వ ఖజానాలో చేరును. బడులు, ఆస్పత్రులు, బాటలు, అడవులు, అన్నియు నచ్చటి నుండియే నడచును. నిరుడు మా అమ్మకు శస్త్రచికిత్స జరిగినది. మేమొక్క పైసా ఇయ్యలేదు. అందులో మీవంటివారి సొమ్ము కొంత యుండవచ్చును.”

అత్తగారి ముఖము మెత్తబడినది. అయినను విడువలేదు. “నీ తల్లి చల్లగా ఉండాలి నాయనా. కాని అడవికెంత, ఆస్పత్రికెంత?” అనిరి. అతడు నవ్వి, ఆయవ్యయ పత్రము ఏటేట ప్రకటింపబడుననియు, లెక్కల తనిఖీకి రాజ్యాంగమే నియమించిన సంస్థ తన నివేదికను పార్లమెంటుకు సమర్పించుననియు చెప్పెను. అయితే ఖజానాలో కలసిన నీటిలో ఏ చుక్క ఏ వాగుదో తానెట్లు చెప్పగలననెను.

మరునాడు ఫోబ్జిఖా లోయలో దిగితిమి. చలికాలమున నల్లమెడ కొంగలు టిబెట్టు పీఠభూమి నుండి ఇచ్చటికి వలస వచ్చును. పచ్చిక బయలులో అవి పిల్లలతో కూడ మెల్లమెల్లగా అడుగులు వేయుచుండగా మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూచినది. ఆ లోయలో కరెంటు స్తంభములు కానరావు. ఎగురు కొంగలు తీగలకు తగులుకొని చచ్చునను భయమున తీగలను భూమిలో పూడ్చినారు. “ఇదుగో, మన డబ్బు ఇక్కడున్నది” అని మేము సంతోషముతో అత్తగారి కలమునకై చేయి చాచితిమి. మార్గదర్శకుడు తల యడ్డముగ నూపెను. ఆ పనికి ఆస్ట్రియా దేశము సాయపడెననియు, అది యాత్రికుల రుసుముతో జరిగినది కాదనియు చెప్పెను.

ఆ యువకుని సత్యసంధత మాకు పాఠమయ్యెను. కంటికి పచ్చగా కనబడిన ప్రతిదియు మన రుసుము ఫలమని యనుకొనుట ఎంత సులభమో, చెత్త కనబడినచోట నెల్ల సొమ్ము కాజేసిరని నిందించుటయు నంతే సులభము. రెండింటికిని మందు లెక్క యొక్కటే.

ఇంటికి వచ్చిన పిదప ఇతర దేశములవారేమి చేయుచున్నారో చదివి తెలిసికొంటిమి. మాల్దీవులలో 2015 నవంబరు నుండి యాత్రికులకడ హరిత పన్ను తీయుచున్నారు. మొదట విహార ద్వీపములలో రాత్రికి 6 డాలర్లు. 2025 జనవరి నుండి అది 12 అయ్యెను. ఆ సొమ్మునకు ప్రత్యేక మైన హరితనిధి కలదు. చెత్త నిర్వహణము, మంచినీరు, మురుగునీటి కాలువలు, తీర రక్షణము మున్నగు పనుల కందుండి వ్యయము చేయుదురు. నిధిలో చేరిన దెంత, ఖర్చయిన దెంత యను లెక్కను ఆర్థికశాఖవారు ప్రకటించుచున్నారు.

స్పెయిను దేశపు బాలియారిక్ ద్వీపముల కథ మఱింత నేర్పునది. అచ్చట 2002లో ఇట్టి పన్ను విధించిరి. హోటళ్లవారు గట్టిగా నెదిరించిరి. ప్రభుత్వము మారగానే 2003లో రద్దయినది. మరల 2016 జూలై నుండి అమలునకు వచ్చినది. 2018లో రేట్లు రెట్టింపయ్యెను. ఈ సొమ్ముతో ఏ యే విధముల పనులు చేయవచ్చునో శాసనమునందే వ్రాసిరి. పనులను సూచించుటకు ప్రత్యేక సంఘమును నియమించిరి. ఎన్నుకొన్న పనుల పట్టికను యాత్రికులు కూడ చూచుటకు ప్రకటించుచున్నారు. ప్రకృతి రక్షణముతో పాటు పేదల యద్దె యిండ్లును అందు చేరినవి. యాత్రికుల పన్నుతో ఇండ్లు కట్టవచ్చునా యని యొకరు వాదింపవచ్చును. యాత్రికుల మూలముననే అద్దెలు పెరిగినవి గదా యని మఱియొకరు బదులు చెప్పవచ్చును. పట్టిక బయట నున్నది కావుననే ఆ వాదమునకు తావు కలిగినది. పట్టిక లేనిచోట మిగులునది అనుమానమే.

ఇది ధనికులైన యాత్రికుల గొడవ మాత్రమే యనుకొనరాదు. 2022 సెప్టెంబరులో భూటాను తిరిగి తలుపులు తెరచినప్పుడు విదేశీయులకు రుసుమును రాత్రికి 65 డాలర్ల నుండి 200 డాలర్లకు పెంచిరి. వచ్చువారు తగ్గిరి. హోటళ్లలో వంటచేయు స్త్రీలు, నేతపని చేయువారు, మార్గదర్శకులు ఇబ్బంది పడిరి. 2023 సెప్టెంబరు నుండి దానిని 100కు తగ్గింపవలసి వచ్చెను. రుసుము పెరిగినను తరిగినను దాని బరువు మా మార్గదర్శకుని వంటివారి పొయ్యిమీదనే పడును. కావున లెక్క చూచు హక్కు ఇచ్చిన యాత్రికుని కెంత కలదో, ఆ కొండలలో కాపురముండు ఇల్లాలికి నంతకంటె నెక్కువ కలదు.

సోదరీమణులారా, ఇది మనకు క్రొత్త విద్య కాదు. మా అత్తగారి పుట్టినూరిలో శ్రీరామనవమి పందిరికి చందాలెత్తినవారు, పండుగ ముగిసిన మరునాడు గుడి మండపమున కూర్చుండి, ఎవరెంత యిచ్చిరో, కొబ్బరికాయల కెంతయ్యెనో, పానకమునకు బెల్లమెంతయ్యెనో, మిగిలిన దెవరికడ నున్నదో చదివి వినిపించెడివారట. అర్ధరూపాయి యిచ్చిన ముసలమ్మయు వినెడిది. కొండలకును, జలపాతములకును కావలసిన లెక్కయు నట్టిదే: వచ్చిన దెంత, ఏ పనికి, ఎంత యైనది, మిగిలిన దెంత, ఆ పని వలన నీరు తేటబడినదా లేదా. రుసుము తీసికొను గొలుసుకడనే యొక పలకమీద, వచ్చినవారికి తెలిసిన భాషలో దీనిని వ్రాసి పెట్టవచ్చును.

వ్రాసి పెట్టనిచోట అడుగుటకు మనకు సాధన మున్నది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము ప్రకారము ఏ పౌరురాలైనను ప్రభుత్వ కార్యాలయమును కాగితము మూలమున లెక్క యడుగవచ్చును. కేంద్ర కార్యాలయములకు రుసుము 10 రూపాయలు. సాధారణముగా ముప్పది దినములలో బదులీయవలయును.

భూటానులో తుదిదినమున పారోకడ తక్త్‌సంగ్ ఆశ్రమమునకు నడచితిమి. 1692లో కట్టిన యా యాశ్రమము లోయకు సుమారు తొమ్మిదివందల మీటర్ల యెత్తున కొండచరియ నంటుకొని యున్నది. అత్తగారు సగము దారిలోని ఫలహారశాలకడ నాగిపోయిరి. మేము దిగి వచ్చునప్పటి కామె పుస్తకము తెరచుకొని కూర్చుండిరి. 25,200 కెదుట మూడవ గడిలో “ఖజానాకు. ఆ పిల్లవాని తల్లి వైద్యమునకు, అడవికి. పాలు తెలియదు” అని వ్రాసి యుండెను.

ఇల్లు చేరిన వారము దినములకు ఆమె వెనుకటి పుటలు త్రిప్పి, జలపాతపు పద్దును వెదకి, దాని తేదియు, రసీదు సంఖ్యయు చూచి, ఒక తెల్లకాగితముపై స్వహస్తముతో అర్జీ వ్రాసిరి. మా అమ్మాయి దానిని తపాలాపెట్టెలో వేసి వచ్చినది. బదులింకను రాలేదు. పుస్తకములో ఆ గడి ఇప్పటికి ఖాళీగానే యున్నది. కాని దాని ప్రక్కన పెన్సిలుతో “అడిగితిమి” యను నొక్క మాటయు, అర్జీ పంపిన తేదియు కలవు.