తొక్కుడు పెట్టె

ఎలక్ట్రిక్ గిటారు కొన్న ప్రతివాడికీ ఆరు మాసాలు తిరక్కుండా వొక జబ్బు పట్టుకుంటుంది. దాని పేరు పెడల్. చేతులతో వాయించే వాద్యానికి కాలితో తొక్కే పెట్టె ఎందుకయ్యా అని మా హాస్టల్లో సంగీతజ్ఞానం గల పెద్దమనుషులు నన్ను నిలదీశారు. పద్యనాటకాల్లో హార్మోనిస్టు కాళ్ళతో తిత్తులు తొక్కుతూ రాగం పలికించలేదా అని నేను ఎదురు ప్రశ్న వేశాను. వాళ్ళు ఊరుకున్నారు గాని, ఒప్పుకున్నారని మాత్రం అనుకోను.

సంగతేమిటంటే, గిటారు తీగెల కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ సన్నని రాగితీగె చుట్టలూ ఉంటాయి. ఉక్కు తీగె కదిలితే చుట్టలో కాస్త విద్యుత్తు పుడుతుంది. ఫారడే మహాశయుడు 1831లో కనిపెట్టింది ఇదే. ఆ కాస్త విద్యుత్తు వైరు గుండా ఆంప్లిఫయరుకు పోయి శబ్దమవుతుంది. ఈ దారి మధ్యలో పెట్టె పెట్టి, దానిమీద మీట బిగించి, కాలితో తొక్కినప్పుడల్లా ధ్వని స్వభావం మారేట్టు చేస్తే అదే పెడల్. ఇంతవరకూ సులువే. పెట్టెలు వందల రకాలున్నాయి, మన జేబు వొక్కటే ఉంది. కష్టం అక్కడ మొదలవుతుంది.

మాదాపూర్‌లో గంటకింత అని అద్దెకిచ్చే వాయించుకునే గదులున్నాయి. గోడలకు గుడ్డా స్పంజీ అతికించి, డ్రమ్ములూ స్పీకర్లూ సిద్ధంగా పెడతారు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌కు నడిచిపోయేంత దూరంలో, పగలు కోడు రాసే ఉద్యోగులు సాయంత్రం గిటారు సంచీ వీపున తగిలించుకుని వస్తూంటారు. మేము నలుగురం చందాలు వేసుకుని నెలకు రెండుసార్లు వెళ్తాం. అక్కడ మా డ్రమ్ముల మిత్రుడు తీర్పు చెప్పాడు: "నువ్వు డిస్టార్షన్ కొనకపోతే మన పాటలు పెళ్ళి బ్యాండులా ఉంటాయ్ బే. ఇంకో గిటార్‌వాణ్ణి చూసుకుంటం." ఇది వేళాకోళమే అనుకుందామా అంటే, యూనియన్ వార్షికోత్సవానికి అప్పటికి పది వారాలే ఉంది, ఆ ఇంకో గిటారువాడు మా పక్క వింగులోనే ఉన్నాడు.

డిస్టార్షన్ అంటే ఏమిటో పల్లెటూరి వాళ్ళకు చెప్పనక్కరలేదు. జాతరనాడు మైకుసెట్టు వాడు వాల్యూం పూర్తిగా తిప్పితే, వేపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకరులోంచి గాయకుడి గొంతు చిరిగి వస్తుంది చూడండి, అదే. ఆంప్లిఫయరు ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ అడిగితే అది తరంగం తలనూ తోకనూ నరికి పంపిస్తుంది. గుండ్రని తరంగం చదునవుతుంది, చదునైన చోట లేని స్వరాలు కొత్తగా పుట్టుకొస్తాయి. ఇంజనీర్లు దీన్ని దోషంగానే లెక్కపెట్టారు. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తూండగా యంత్రంలో వొక భాగం చెడి, గిటారు బరబరమని కూసింది. వింతగా ఉందని దాన్ని తీసేయకుండా ఉంచారు, 1961లో పాట విడుదలైంది. ఆ చెడిపోయిన కూతను కావాలన్నప్పుడు రప్పించడానికి 1962లో మేస్ట్రో ఫజ్ టోన్ అనే పెట్టె వచ్చింది. మొదట్లో దాన్ని కొన్నవాళ్ళు తక్కువ. 1965లో రోలింగ్ స్టోన్స్ వారు ‘శాటిస్‌ఫాక్షన్’ పాట ఎత్తుగడలో దాన్ని వాడాక దుకాణాల్లో పెట్టె మిగల్లేదు.

ఈ కథంతా ఫోనులో మా నాయినకు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అంటే మంచిగున్న సప్పుడును చెడగొట్టెతందుకు పైసలు పెడ్తరా?" అన్నాడు. ఇన్ని పుస్తకాలు తిరగేసినా ఇంత పొందికైన నిర్వచనం నాకెక్కడా దొరకలేదు.

నాకు మాత్రం ఆ మాట మనసులో పడింది. నా దగ్గరున్నది పది వాట్ల చిన్న ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు. దానిమీద గెయిన్ అనే బొత్తాం ముందే ఉంది, తిప్పితే బరబరమంటుంది. మధురంగా ఏమీ ఉండదు గాని, ఉంటుంది. పెద్దపేరున్న ఓవర్‌డ్రైవ్ పెట్టెలు, ఐబనీజ్ వారి ట్యూబ్ స్క్రీమర్ వంటివి, 1970ల చివర్లో వచ్చాయి. వాటి అసలు ఉపయోగం వాల్వుల ఆంప్లిఫయర్లను ముందుకు తోయడం. వాల్వు తనంతట తాను మెత్తగా విరుగుతుంది, పెట్టె దానికి ఊతమిస్తుంది. నా బుల్లి ఆంప్లిఫయరు ముందు అంతటి పెట్టె పెట్టడం ఎడ్లబండికి విమానం చక్రాలు బిగించడం లాంటిది. ఇది నా అభిప్రాయం. మా డ్రమ్ముల మిత్రుడు దీన్ని పిసినారితనం అన్నాడు.

అందుకని మొదటి పెడల్ కొనేవాడు, ఏ పెట్టె గొప్పది అని అడిగేముందు తన చప్పుడులో ఏది తక్కువైందో వినాలి. నేను వారం రోజులు అదే పనిగా విన్నాను. మా హాస్టలు గదిలో నాలుగు మంచాలు, నాలుగు పరుపులు, దండేలమీద ఆరేసిన బట్టలు. తీగె మీటితే స్వరం అలా పడి ఇలా చచ్చిపోతుంది. మాండలిన్ యు. శ్రీనివాస్ గారి సంగతి గుర్తుకొచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఆ మహానుభావుడు, టిక్కుమని ఆగిపోయే మాండలిన్‌కు జంట తీగెలు తీసేసి, ఐదు వొంటి తీగెలు కట్టి, విద్యుత్తు తగిలించి గమకాలు పలికించాడు. తీగెవాద్యానికి అసలు జబ్బు స్వరం నిలవకపోవడమే అని నాకు అర్థమైంది. నేను శబ్దం మొదట విన్నది ఇలాంటి గదిలో కాదు. మా పొలంలో పాత మోటబావి ఉంది. గట్టుమీద నిలబడి "ఓ" అంటే లోపల్నించి ఎవడో నాలుగుసార్లు "ఓ" అంటాడు. చిన్నప్పుడు వాడికి అన్నం పెడదామని అమ్మతో పేచీ పెట్టేవాణ్ణట. నా గిటారుకు లోపించింది ఆ బావి. దుకాణంలో దాన్ని డిలే అంటారు.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పోయిన ధ్వని గోడకు తగిలి సెకనులో పదోవంతు తర్వాత తిరిగొస్తేనే మన చెవి దాన్ని వేరే శబ్దంగా గుర్తిస్తుంది. అంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకన్నా దగ్గరైతే అన్నీ కలిసిపోయి ముసురు పట్టినట్టుంటుంది, దాని పేరు రివర్బ్. గోల్కొండ కోట ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలాహిస్సారులో వినిపిస్తుందని గైడు చూపించేది మరో తమాషా. అది శబ్దం మోసుకుపోవడం, తిరిగిరావడం కాదు. తిరిగొచ్చేది చూడాలంటే ఖాజాగూడ రాళ్ళగుట్టల్లోకి ఉదయం పూట వెళ్ళాలి. అద్దాల భవనాలు పైకి లేస్తున్నా ఆ రాళ్ళు ఇంకా జవాబు చెబుతున్నాయి.

ఆ రాయి చేసే పనిని పెట్టెలో ఎలా ఇరికించారన్నది ముచ్చటైన కథ. మొదట టేపు రికార్డర్లతో చేశారు. తర్వాత 1969లో ఫిలిప్స్ కంపెనీ ప్రయోగశాలలో వొక ఉపాయం తట్టింది. చెరువు పూడిక తీసేటప్పుడు మనుషులు వరసగా నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటారు గదా, అలాగే విద్యుదావేశాన్ని వొక కెపాసిటరు నుంచి పక్కదానికి, దాన్నుంచి ఆ పక్కదానికి అందిస్తూ పోతే, చివరివాడికి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే ప్రతిధ్వని. దానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా బకెట్ బ్రిగేడే. 1981లో బాస్ వారు తెచ్చిన డిఎం-2 పెడల్లో ఇలాంటి చిప్పే, 4096 మెట్లది, ఉంది. చేతులు మారేటప్పుడు తట్టలోంచి కొంచెం మట్టి రాలుతుంది. అందుకే ఆ ప్రతిధ్వని కాస్త మసకగా, కమ్మగా ఉంటుంది. తర్వాత డిజిటల్ వచ్చి మట్టి రాలకుండా చేసింది. మసకే బాగుందనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నేనూ ఆ పక్షమే.

కొండాపూర్‌లో ఇద్దరు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి నాలుగు నెలల్లో 6500 రూపాయలు కూడబెట్టాను. కొత్త బాస్ పెడల్ నాకు ఆకాశం. కాని ఈ కారిడార్‌లో మనబోటివాళ్ళకు వొక సౌకర్యం ఉంది. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది ఉత్సాహంగా గిటార్లూ పెడళ్ళూ కొని, మూడో ఏడాది అమ్మేసే అన్నలు చాలామంది. అలా వొక అన్న ఇంటికి వెళ్ళాను, గచ్చిబౌలిలో పద్నాలుగో అంతస్తు. గోడకు గిటారు వేలాడుతోంది, తీగెలకు తుప్పు. పెడళ్ళు మాత్రం డబ్బాలతో సహా కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. ఆయన డిజిటల్ డిలేకు 6000 చెప్పాడు. అరగంట వాయించుకోనిచ్చి, తను కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. "ఇంత బాగుంటుందా ఇది? నాకు మీటింగులతోనే సరిపోయింది తమ్ముడూ," అన్నాడు. ఆదివారం డబ్బుతో వస్తానని చెప్పి వచ్చాను.

గురువారం ఇంటినుంచి ఫోను. లో వోల్టేజీకి బోరు మోటరు కాలిపోయింది. వరి పొట్టమీదుంది. ఆ సమయంలో వారం నీళ్ళు తప్పితే గింజ తాలు పోతుందని వ్యవసాయం చేసేవాళ్ళకు తెలుసు. మోటరు పైకి గుంజి, వైండింగు చేయించి, మళ్ళీ దింపాలి. నాయిన డబ్బు అడగలేదు. ఎవరెవర్ని అడగబోతున్నాడో వరసగా చెప్పాడంతే. నేను నాలుగు వేలు పంపాను. "చదువుకునే పోరగానివి నీకెక్కడియిరా?" అని కోపం చేశాడు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పద్నాలుగో అంతస్తు అన్నకు రావడం లేదని కబురు పెట్టాను.

మిగిలింది 2500. ఈ డబ్బుకు దొరికే డిలే పెట్టెలు ఎలా పనిచేస్తాయా అని వెతికితే, చాలావాటి కడుపులో పిటి2399 అనే తైవాన్ చిప్పు వొకటుందని తేలింది. కరవోకే యంత్రాలకోసం చేసిన చిప్పది. ధ్వనిని అంకెలుగా మార్చి, 44 వేల బిట్ల చిన్న జ్ఞాపకంలో దాచి, మళ్ళీ ధ్వనిగా విడుస్తుంది. ఆలస్యం 340 మిల్లీసెకన్ల దాకా బాగానే ఉంటుంది, ఆపైన లాగితే బురద. ఇది చూద్దామని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. దుకాణదారు వొక చిన్న పచ్చబోర్డు తీసి బల్లమీద పెట్టాడు. పెడల్ కోసమంటే ఆయనకు అర్థం కాలేదు. "యే తో మైక్‌సెట్‌వాలే లేకే జాతే భాయ్," అన్నాడు. మా ఊళ్ళో ఒగ్గుకథ చెప్పేవాళ్ళు మైకు ముందు నిలబడి "ఎకో పెంచు" అని కేకేస్తారే, ఆ ఎకోకు వాడే బోర్డు ఇదీ, నేను కొనబోయే పెడల్ కడుపూ వొక్కటే జాతి!

బోర్డు కొని నేనే డబ్బా కడదామా అని కాసేపు ఊగాను. వార్షికోత్సవానికి ఆరు వారాలే ఉండటంతో మాదాపూర్‌లో 2300 పెట్టి తయారైన పెడలే కొన్నాను. అరచేతిలో పట్టేంత ఉంది. మూడు బొత్తాలు: ఎంత ఆలస్యం, ఎన్నిసార్లు, ఎంత గట్టిగా. కొనబోయేవాళ్ళకు వొక జాగ్రత్త. ఈ పెట్టెలకు 9 వోల్టుల ఎడాప్టరు కావాలి, పిన్ను నడిమిభాగం నెగటివ్ ఉండాలి. ఇంట్లో పడిఉన్న పాత ఎడాప్టర్లు చాలావాటికి నడిమిభాగం పాజిటివ్. బొమ్మ చూసుకుని గుచ్చండి.

ఫోను ఆంప్లిఫయరు ముందు పెట్టి నాయినకు వినిపించాను. నీళ్ళు పారుతున్న చప్పుడు అవతల్నించి వస్తోంది. రెండు నిమిషాలు విని, "గిది మన మైకుసెట్టోని ఎకో గదరా! ఆన్నడిగితే ఉత్తగనే ఇస్తుండె," అన్నాడు.

డ్రమ్ముల మిత్రుడితో తగవు ఇంకా తీరలేదు, కాకపోతే రూపం మార్చుకుంది. ప్రతిధ్వని తాళంలో పడాలంటే లెక్క ఉంది. 60000ను నిమిషానికి పడే దెబ్బలతో భాగిస్తే వొక దెబ్బ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది, అందులో ముప్పాతిక తీసుకుంటే ప్రతిధ్వని దెబ్బల సందుల్లో పడి గుర్రపు నడక వస్తుంది. మా పాట నిమిషానికి 120 దెబ్బలది, ముప్పాతిక అంటే 375 మిల్లీసెకన్లు. నా చిప్పుకు అది బురద. 132కు పెంచితే 341, అంచుమీద సరిపోతుంది. "నీ రెండువేల డబ్బాకోసం పాట ఉరికించాల్నా?" అని అరిచాడు. ఉరికించి చూశాం. గాయకుడు ఊపిరి అందక రెండో చరణంలో వొక ముక్క ఎగరగొట్టాడు, మిగతాదంతా లేచి నిలబడింది. మరో చిక్కేమంటే పెట్టె తన లెక్క తప్పదు, కాబట్టి డ్రమ్ములవాడు అటూ ఇటూ పోతే అందరికీ తెలిసిపోతుంది. ఇప్పుడతను హాస్టల్లో మెట్రోనోం పెట్టుకుని బకెట్టుమీద సాధన చేస్తున్నాడు. రాత్రి పదకొండు దాటాక కూడా చేస్తున్నాడని వార్డెనుగారికి ఫిర్యాదు వెళ్ళింది.