వైన్స్‌లో లేని వైన్



పోయిన భాగంలో యేవలా ముక్తిభూమి గురించి రాశాను. అది చదివి మా తమ్ముళ్లు నలుగురైదుగురు ఒకటే ప్రశ్న వేశారు: "అన్నా, నాసిక్ దాకా పోయి వైన్ తాగకుండ వచ్చినవా?" తాగాను. దాచేదేం లేదు. ఇవాళ ఆ ముచ్చటే చెప్తాను. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా జూలూరుపాడులో వైన్ అంటే ఏంటో ఎవరికీ తెలియదు గానీ, 'వైన్స్' అంటే పసిపిల్లకు కూడా తెలుసు. కొత్తగూడెం నుంచి తల్లాడ పోయే రోడ్డు మీద బస్సు దిగిన ఎవరైనా అడ్రస్ అడిగితే వైన్స్ గుర్తు చెప్తారు. ఆ కౌంటర్ ముందు నిలబడి చూస్తే విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. ద్రాక్షతో చేసిన అసలు వైన్ ఏదంటే మూలకు దుమ్ము పట్టిన ఒకటి రెండు సీసాలు. పేరు వైన్‌ది, బతుకు క్వార్టర్‌ది.

నేను వైన్ అన్న మాట మొదట విన్నది గుడిలో. మా వాడలో గుడి అంటే చర్చి అని మీకు చెప్పక్కర్లేదు. తెలుగు బైబిల్లో అది ద్రాక్షారసం. కానా ఊరి పెళ్లిలో ఆరు రాతి బానల నీళ్లు ద్రాక్షారసం అయిన కథ మా అయ్యగారు చెప్తుంటే, మా అయ్య వెనక వరసలో కూచుని "ఆ పెళ్లికి మనల్ని పిలిస్తే బాగుండు" అని గొణిగేవాడు. పండగకు అయ్యగారి భార్య నల్లద్రాక్ష ఉడికించి, చక్కెర వేసి రసం తీసేది. ప్రభు భోజనం నాడు ఒకే గిన్నె వరసన అందరి దగ్గరికీ వచ్చేది. ఊళ్లో మాకు అందరితో కలిసి తాగనిచ్చిన గిన్నె అదొక్కటే.

ఇక నాసిక్ సంగతి.

అక్టోబరు 13న యేవలాలో ఉన్నాం. 1935లో అదే రోజున, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావనని బాబాసాహెబ్ ప్రకటించింది అక్కడే. తెల్లారి నాసిక్ వచ్చి పంచవటిలో కాలారామ్ గుడి చూశాం. 1930 మార్చి 2న అంటరానివాళ్లు గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహం మొదలుపెట్టిన చోటు. ఏళ్ల తరబడి కొట్లాడినా తలుపులు తెరవలేదు. మా భద్రాచలం దగ్గర పర్ణశాలను కూడా పంచవటి అనే అంటారు. అక్కడా గోదావరే, ఇక్కడా గోదావరే. త్ర్యంబకం దగ్గర పుట్టిన నీళ్లే మా దాకా వస్తాయి. ఆ ఒడ్డున నిలబడితే ఏదో మన ఊరి నీళ్ల మొదలు దగ్గరికి వచ్చినట్టు అనిపించింది.

మాతో వచ్చిన కుర్రాడొకడు "ఇంత దూరం వచ్చినం, వైన్ తోట కూడా చూద్దాం అన్నా" అన్నాడు. ఊరి బయట గంగాపూర్ డ్యామ్ వైపు పోతే ఆ తోటలే. ఆ డ్యామ్ కూడా గోదావరి మీదిదే. మనిషికి ఇంత అని డబ్బు కడితే లోపలంతా తిప్పి చూపించి, చివర్న నాలుగైదు రకాలు రుచి చూపిస్తారు.

చూపించే అబ్బాయి బాగా చెప్పాడు. మన దేశంలో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో ఒకటి, వానలు తగ్గాక ఇంకొకటి. వైన్ కాయ కోత జనవరి నుంచి మార్చి దాకా. తెల్ల వైన్‌కు కాయను పిండి రసం ఒక్కటే పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కతో సహా పులియబెడతారు, రంగంతా తొక్కలోదే. పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు, వేడి పెరగకుండా వాటికి చల్లటి ఏర్పాటు. కొన్నింటిని ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి నిద్రపుచ్చుతారు.

తర్వాత బల్ల ముందు నిలబెట్టి పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసు చేతికిచ్చాడు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, చెయ్యి వేడి తగలొద్దు. ముందు రంగు చూడాలి. తర్వాత గుండ్రంగా తిప్పాలి. ముక్కు లోపల పెట్టి వాసన పట్టాలి. ఆఖర్న ఒక్క గుక్క, అదీ నోరంతా తిప్పి. మింగకపోయినా ఫర్వాలేదు, ఉమ్మడానికి పక్కన గిన్నె ఉంది.

మిత్రులారా, ఆ గ్లాసు పట్టుకుని నేను కాసేపు ఏ రుచీ పట్టలేదు. మా అయ్య యాదికొచ్చాడు.

మా అయ్యకు కల్లు ఎప్పుడూ గ్లాసులో పోయలేదు. తాటి వనంలో ఊరివాళ్లు ఒక దిక్కు కూచుంటే మావాళ్లు ఇంకో దిక్కు. తాటాకు రేక పట్టుకుని గొంతుక్కూచుంటే పైనుంచి పోసేవాళ్లు. కుండ రేకకు తగలకూడదు. పోసే గౌడన్నను నేను తప్పు పట్టను, చెట్టెక్కి పొట్ట పోసుకునే మనిషి ఆయన. పట్టింపు ఆయన పుట్టించింది కాదు, ఊరు పుట్టించింది. హోటల్లో చాయ్‌కి కూడా మాకు వేరే గ్లాసు చూరులో బోర్లించి ఉండేది, తాగి మేమే కడిగి పెట్టాలి. అట్లాంటి మనిషి కొడుకు చేతికి కాడ ఉన్న గాజు గ్లాసు ఇచ్చి, ఎట్లా పట్టుకోవాలో మర్యాదగా నేర్పుతున్నారు. నీ కులమేంటని ఎవరూ అడగలేదు. రసీదు అడిగారు, చూపించాను.

రెండో గ్లాసు షెనిన్ బ్లాంక్. ఫ్రాన్సులో పుట్టిన ద్రాక్ష, ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ దక్షిణాఫ్రికాలో పండుతుందని ఆ అబ్బాయి చెప్పాడు. దక్షిణాఫ్రికా అనగానే నాకు ఇంకో సంగతి తట్టింది. అక్కడి కేప్ ప్రాంతంలో, స్టెలెన్‌బాష్ లాంటి పేరున్న వైన్ ఊళ్లలో, తోట కూలీలకు కూలిలో కొంత వైన్‌గానే ఇచ్చేవాళ్లు. దాన్ని 'డాప్' పద్ధతి అన్నారు. బానిసల కాలం నుంచి వచ్చిన అలవాటు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పూటపూటకూ ఇంత పోయడం. అమ్మగా మిగిలిన నాసి వైన్ కూలీల గొంతులోకి పోయేది. తాగుడుకు బానిసైన కూలీ తోట వదిలి ఎక్కడికి పోతాడు? 1960ల్లో చట్టం వద్దన్నా, 1990ల దాకా అక్కడక్కడా నడిచింది. తల్లి కడుపులోనే మద్యం దెబ్బ తిని పుట్టే పిల్లలు ప్రపంచంలో అతి ఎక్కువగా ఉన్న చోట్లలో ఆ ప్రాంతం ఒకటి. 2001లో డర్బన్ సదస్సుకు మన దళిత ప్రతినిధులు పోయి కులం సంగతి లేవనెత్తినప్పుడు, నల్లవాళ్ల కథా మన కథా ఒకటేనని ఊరికే అనలేదు.

ఎందుకంటే డాప్ మాకు కొత్త కాదు. పేరు తెలియదంతే. మా అయ్య ఒక ఆసామి దగ్గర జీతమున్నాడు. పత్తి ఏరే రోజుల్లో సాయంత్రం కూలి ఇచ్చే చోటు సారా కొట్టు అరుగు. పద్దు ఆసామిది, ప్యాకెట్ కొట్టువాడిది. చేతికి వచ్చేసరికి సగం కూలి ప్యాకెట్లయ్యేది. ఆ ప్యాకెట్లు దొంగసారా కాదు. సర్కారు సారా, పాలిథిన్ ప్యాకెట్లలో, వారుణి వాహిని అని అందమైన పేరుతో వచ్చింది.

మా అమ్మ ఆ ప్యాకెట్ల మీద చీపురు తిరగేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా మీద లేచారు. రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా మోగింది. ఆ గాలి మా దాకా వచ్చింది. మాదిగ వాడ, కోయగూడెం, లంబాడీ తండా ఆడవాళ్లు కలిసి కొట్టు ముందు కూచున్న రోజు నాకు బాగా గుర్తు. 1993 అక్టోబరు 1న సారా బందైంది. 1995లో ఎన్టీఆర్ మొత్తం మద్యమే బంద్ చేశాడు. 1997లో మళ్లీ తెరిచారు. మా అయ్య మాత్రం మధ్యలో గుడుంబాకు మారాడు. నల్లబెల్లం, పటిక. 1998లో కడుపు ఉబ్బి పోయాడు. నలభై ఆరేళ్లు.

అందుకని నాసిక్‌లో మూడో గ్లాసు నేను ముట్టలేదు. బయటికొచ్చి తోట గట్టు మీద కూచున్నాను. అప్పుడే కత్తిరించిన తీగెల కణుపులకు ఆడవాళ్లు వంగి మందు రాస్తున్నారు. వచ్చీరాని హిందీలో మాట కలిపాను. పేఠ్ దిక్కు నుంచి వచ్చారట, ఆదివాసీలు. "ఇక్కడి వైన్ తాగినవా అక్కా?" అంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మాకు మా పువ్వు ఉంది గదా" అంది. ఇప్పపువ్వు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. మార్చిలో ఇప్పపూలు రాలే వేళకు మా కోయ దోస్తు ఊరికి పోయాను. తెల్లారకముందే ఆడవాళ్లు, పిల్లలు గంపలతో చెట్ల కింద ఉన్నారు. రాత్రి రాలిన పువ్వు ఎండ ఎక్కకముందే ఏరాలి. లేతపసుపు గోలీల్లా ఉంటుంది, నోట్లో వేసుకుంటే తేనె. ఎండబెడితే ఏడాదంతా తిండి, కూర, పిల్లల చేతికి చిరుతిండి. ఉట్నూరు దిక్కు ఆడవాళ్లు దాంతో లడ్డూలు చేసి పేరు తెచ్చుకున్నారు. సారా దాని ఒక్క వాడకం మాత్రమే.

దోస్తు వాళ్ల పెద్దయ్య ఎండుపువ్వును కుండలో రోజుల తరబడి నానబెట్టి పులియబెడతాడు. పొయ్యి మీద కుండ, దాని మీద ఇంకో కుండ, పైన చల్లనీళ్లు, పక్కకు వెదురు గొట్టం. ఆవిరి చల్లబడి చుక్కచుక్కగా దిగుతుంది. మొదటి ధార పొయ్యిలో చిలకరిస్తే భగ్గుమంది. "మంట చూసినవా? ఇది సరుకు" అన్నాడు. నేను నాసిక్ చదువంతా బయటికి తీసి వాసన పట్టాను, నోట్లో తిప్పాను. పువ్వు వాసన, పొగ వాసన, తడి మట్టి వాసన. ఆయన నన్నే చూస్తూ "ఏందయ్యా, పుక్కిలిస్తున్నవా?" అన్నాడు. తాను తాగేముందు నేల మీద నాలుగు చుక్కలు పోశాడు, పోయిన పెద్దలకు. తర్వాత అదే మోదుగాకు దొప్పలో తాను తాగి, నింపి నాకిచ్చాడు. నేను ఎవరి బిడ్డనో ఆయనకు తెలుసు. తెలిసీ ఇచ్చాడు. రసీదు అడగలేదు.

మిత్రులారా, నాసిక్ ట్యాంకుకు పర్యాటకులు. పెద్దయ్య కుండకు ఎక్సైజ్ పోలీసులు. తేడా రుచిలో లేదు. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచిన కారణాల్లో ఒకటి కల్లు గీత మీద వేసిన పన్ను, అది మన భద్రాచలం దిక్కు రేకపల్లి దాకా పాకింది. 1948లో రాజ్యాంగ సభలో మద్య నిషేధం మాట వచ్చినప్పుడు, మా బియ్యపు కల్లు మా పూజలో భాగమని జైపాల్ సింగ్ ముండా లేచి అడ్డం చెప్పాడు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాలను ఆపాలా, ఎంతవరకు ఉంచాలా అనే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మరి బెల్ట్ షాపు పెట్టేటప్పుడు ఏ గ్రామసభను అడిగారు? మధ్యప్రదేశ్‌లో ఇప్పసారాను వారసత్వ మద్యం అని సీసాల్లో అమ్మిస్తున్నారు. రేపు మన దగ్గరా చేస్తారేమో. అప్పుడు సీసా మీద పెద్దయ్య బొమ్మ ఉంటుంది, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటుందో మీరే ఊహించండి.

మా సంగతి వేరే చెప్పాలా? తెలంగాణలో 2,620 వైన్స్ ఉంటే 2021 నుంచి అందులో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం, గౌడలకు 15 శాతం రిజర్వేషన్ పెట్టారు. 2023లో ఒక్క దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోతే తిరిగి రావు. అట్లా లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి, దరఖాస్తుల మీదే సర్కారుకు 2,600 కోట్లకు పైగా వచ్చింది. మా వాడలో 2 లక్షలు పోయినా ఫర్వాలేదనుకునే వాళ్లు ఎంతమంది? పేరు మాదిగ పిలగాడిది, పెట్టుబడి ఇంకొకరిది. బోర్డు మీద మన పేరు రాసి, బోర్డు ముందు మన శవాలు లేపే రిజర్వేషన్ మనకొద్దు. పొలం ఇయ్యండి, బడి ఇయ్యండి.

ఇంటికొచ్చి మా అమ్మకు అన్నీ చెప్పాను. కాడ గ్లాసు, తిప్పడం, వాసన పట్టడం. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఉమ్మనీకె గిన్నె పెడ్తరా?"

"ఔనమ్మా. రుచి చూసి ఉమ్మేస్తరు."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. చాటలో బియ్యం ఏరుకుంటూ కూచుంది. తర్వాత అంది: "ఉమ్మేటోళ్లకు పొద్దున లేస్తే వేరే పని ఉంటది బిడ్డా. మీ అయ్యకు పొద్దంతా ఒళ్లు నొప్పులే ఉండె. ఆయన రుచి కోసం తాగలే."

నేను తాగొద్దని నీతులు చెప్పడానికి ఇది రాయలేదు. పెద్దయ్య దొప్పను నేరం అనొద్దు. మా అయ్య ప్యాకెట్‌ను సంస్కృతి అని కూడా అనొద్దు. ఒకటి తన చెట్టు, తన చెయ్యి, తన పండగ. ఇంకొకటి కూలి కింద కొట్టిన పద్దు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మమ్మల్ని తాగుబోతులంటారు చూడండి, వాళ్లను ఒకసారి ఆ పద్దు పుస్తకం తెరవమనండి.

వచ్చే భాగంలో ఆ సారా కొట్టు ముందు కూచున్న మా అమ్మ జట్టు ఆడవాళ్లు ఇప్పుడెట్లా ఉన్నారో రాస్తాను. ఇంకా ముగ్గురు బతికే ఉన్నారు.

జై భీమ్.